27,000 ఏళ్ళకోసారి వచ్చే తప్పు

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పొలం పనులు అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

పోయిన వేసవిలో మా పక్క చేను బాబాయి బోరుకి కొత్త మోడల్ మొబైల్ స్టార్టర్ పెట్టించాడు. ఇంట్లో మంచం మీద కూర్చునే మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని, పాములకి భయపడుతూ చేలోకి పోయే పని లేదు. మార్కెట్లోకి వచ్చి నెల కాలేదు, ఊళ్ళో మొదట కొన్నది ఆయనే. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారం ఒక రాత్రి ఫోన్లో మోటారు ఆగినట్టు చూపిస్తోంది, చేలో మాత్రం తిరుగుతూనే ఉంది. బోరులో నీళ్ళు అడుగంటినా ఆగలేదు. తెల్లారి పోయి చూస్తే వైండింగ్ కాలిన వాసన.

కంపెనీ కుర్రాడు వచ్చి చూశాడు. "ఇలా అవ్వడం లక్షలో ఒకటండీ, మీకే ఎందుకొచ్చిందో" అన్నాడు. బాబాయి కోప్పడలేదు. "లక్షలో ఒకటే కావచ్చు నాయనా, నాకున్న మోటారూ ఒకటే కదా" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ముప్పై ఏళ్ళ కిందటి అమెరికా సంగతి ఒకటి గుర్తొచ్చింది. అక్కడ ప్రపంచంలోకెల్లా పెద్ద చిప్పుల కంపెనీ సరిగ్గా ఇదే మాట అన్నది. లక్షలో ఒకటి కూడా కాదు, 27,000 ఏళ్ళకోసారి అన్నది. చివరికి 47 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుకుంది. ఆ కథే ఇవాళ చెప్తా. కంప్యూటర్ తెలియనివాళ్ళు కూడా భయపడక్కర్లేదు, భాగహారం వస్తే చాలు.

ముందు ఒక చిన్న సంగతి. ఫోన్లో యాప్ తప్పు చేస్తే కంపెనీవాడు అప్‌డేట్ పంపిస్తాడు, రాత్రికి రాత్రి సరవుతుంది. చిప్పు అలా కాదు. అది సిలికాన్ మీద అచ్చేసిన పుస్తకం లాంటిది. అచ్చులో తప్పు పోయిందంటే, అమ్ముడైన కాపీలన్నిట్లోనూ అదే తప్పు ఉంటుంది. దిద్దాలంటే మళ్ళీ అచ్చు తయారుచేసి కొత్త చిప్పులు పోయాలి. దానికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే చిప్పుల మీద వెర్షన్ అక్షరాలు ఉంటాయి, ఏ, బి, సి అని. వాటిని స్టెప్పింగ్ అంటారు. ఒక్కో అక్షరం వెనక, ముందు అచ్చులో దిద్దిన కొన్ని తప్పులుంటాయి. మొదటి అచ్చు కొన్నవాడి దగ్గర ఆ తప్పులన్నీ ఉంటాయి.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. ఇంటెల్ కంపెనీ 1985 అక్టోబర్లో 386 అనే చిప్పు ప్రకటించింది. పాతవి 16 బిట్లవి, ఇది 32 బిట్లది, అంటే ఒక్క విడతలో పెద్ద పెద్ద అంకెలు పట్టుకోగలదు. 1987లో తెలిసిందేంటంటే, అప్పటికే అమ్మిన వాటిలో కొన్ని చిప్పులు 32 బిట్ల గుణకారం చేసేటప్పుడు తప్పుతున్నాయి. ఇంటెల్ చిప్పులన్నీ పరీక్ష పెట్టి రెండు కుప్పలు చేసింది. నెగ్గిన వాటి మీద గ్రీకు అక్షరం సిగ్మా రెండుసార్లు ముద్ర వేశారు. తప్పిన వాటిని పారేయలేదు. వాటి మీద 16 బిట్ల సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే అని ముద్ర కొట్టి అమ్మారు. మనం మిరపకాయలు తేజ వేరు, తాలు వేరు ఏరినట్టే. అప్పటికి 32 బిట్ల ప్రోగ్రాములు వాడేవాళ్ళు తక్కువ కాబట్టి గొడవ పెద్దది కాలేదు. తర్వాత 1989లో 486 వచ్చినప్పుడు కూడా మొదటి చిప్పుల్లో లెక్కల భాగంలో తప్పు బయటపడింది. దిద్దారు, జనం మర్చిపోయారు. కంపెనీకి ఒక అలవాటు పడిపోయింది: తప్పు దొరికితే తర్వాతి అచ్చులో దిద్దుకుందాం, ఊరంతా టముకు వేయక్కర్లేదు అని.

1993 మార్చిలో పెంటియం వచ్చింది. ఆ చిప్పు తయారీకి నాయకత్వం వహించినవాళ్ళలో పుణెలో పుట్టిన మన వినోద్ ధామ్ ఒకరు. అందులో 31 లక్షల ట్రాన్సిస్టర్లు. పాత 486 కన్నా లెక్కలు చాలా వేగంగా చేస్తుందని పేరు. ఈ వేగంలోనే ఉంది అసలు తిరకాసు.

చిన్నప్పుడు బళ్ళో పెద్ద భాగహారం ఎలా చేసేవాళ్ళమో గుర్తు తెచ్చుకోండి. 7,384ని 23తో భాగించాలి. ముందు 73లో 23 ఎన్నిసార్లు పోతుంది అని మనసులో ఒక అంచనా వేస్తాం. మూడుసార్లు. 69 తీసేస్తే 4. పైనించి 8 దించితే 48, అందులో రెండుసార్లు. మళ్ళీ మిగిలింది 2, 4 దించితే 24, ఒకసారి. అంటే ప్రతి అడుగులోనూ ఒక అంచనా ఉంది. ఎక్కాలు వచ్చినవాడు టక్కున వేస్తాడు, రానివాడు ఒకటొకటిగా తీసేస్తూ కూర్చుంటాడు.

486 చిప్పు ఆ రెండో రకం. ఒక్కో అడుగుకి ఒక్కో బిట్ చొప్పున నిదానంగా చేసేది. పెంటియంకి ఎక్కాల పుస్తకం ఇచ్చారు. చిప్పు లోపలే ఒక పట్టిక అచ్చేశారు. మిగిలిన శేషం ఇంత, భాజకం ఇంత అయితే అంచనా ఇంత అని ఆ గడిలో చూసుకుంటుంది. దాంతో ఒక్క అడుగుకి రెండు బిట్లు వస్తాయి, భాగహారం వేగం పెరుగుతుంది. ఈ పద్ధతిలో అంచనా కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, తర్వాతి అడుగులో సర్దుకుంటుంది. అందుకే పట్టికలో మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా అంకెలు ఉంటాయి.

ఆ పట్టికలో నింపాల్సిన గడులు 1,066 అనీ, వాటిలో ఐదు గడులు నింపకుండా వదిలేశామనీ ఇంటెల్ తర్వాత ఒప్పుకుంది. 2 ఉండాల్సిన చోట సున్నా ఉండిపోయింది. ఆ ఐదింటిలో దేని మీదకి లెక్క పోయినా అంచనా బాగా తప్పుతుంది, తర్వాతి అడుగులో సర్దుకోలేనంత. గొర్రు ఐదు సాళ్ళు వదిలేసి పోయినట్టు. పైనించి చూస్తే చేనంతా పచ్చగానే ఉంటుంది, లోపలికి నడిచినవాడికే ఖాళీ తెలుస్తుంది.

ఆ ఖాళీ సాలులోకి నడిచినవాడు ఒక లెక్కల పంతులు. పేరు థామస్ నైస్లీ. వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ కాలేజీ అని చిన్న కాలేజీ, అక్కడ గణితం ప్రొఫెసర్. ఆయన చేస్తున్న పనితో ఎవరికీ రూపాయి లాభం లేదు. 11, 13 లాగా, 17, 19 లాగా రెండే తేడాతో పక్కపక్కన వచ్చే ప్రధాన సంఖ్యలు ఉంటాయి కదా, వాటిని కవల ప్రధాన సంఖ్యలంటారు. ఒకటిని ఒక్కొక్కదానితో భాగించి, వచ్చినవన్నీ కూడుకుంటూ పోతే మొత్తం ఒక హద్దు దాటదని విగ్గో బ్రున్ అనే నార్వే గణితవేత్త 1919లో నిరూపించాడు. ఆ హద్దు ఎంతో వీలైనంత కచ్చితంగా తేల్చాలని నైస్లీ పట్టుదల. ఐదారు కంప్యూటర్లు పెట్టుకుని నెలల తరబడి కూడుతున్నాడు. 1994 మార్చిలో వాటి మధ్యలోకి ఒక కొత్త పెంటియం తెచ్చి పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కొత్తది వచ్చింది కదా అని ఆయన పాత మెషీన్లు అమ్మేయలేదు. అవీ నడుస్తున్నాయి, ఇదీ నడుస్తోంది. పైగా ప్రతి లెక్కనీ సరిచూసుకునే అలవాటు ఆయనది. ముందే తెలిసిన విలువలతో పోల్చుకునేవాడు. 1994 జూన్ 13న లెక్క కుదరలేదు.

మనమైతే ఏం చేస్తాం? మెషీన్ని తిడతాం. ఆయన ముందు తననే అనుమానించుకున్నాడు. నేను రాసిన ప్రోగ్రామ్‌లో తప్పేమో అని వెతికాడు. తర్వాత ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ మీద అనుమానం. అందులో నిజంగానే ఒక లోపం దొరికింది, దాన్ని తప్పించాడు. అయినా లెక్క కుదరలేదు. తర్వాత మదర్‌బోర్డు మీద అనుమానం. ఇలా ఒక్కోదాన్నీ పక్కకి పెట్టుకుంటూ వచ్చి, అక్టోబర్ 19 నాటికి తేల్చుకున్నాడు. తప్పు చిప్పులోనే ఉంది. 824633702441 అనే అంకెతో ఒకటిని భాగిస్తే పెంటియం తప్పు జవాబు చెప్తోంది. నాలుగు నెలలు పట్టింది ఆ ఒక్క మాట ధైర్యంగా చెప్పడానికి.

అక్టోబర్ 24న ఇంటెల్‌కి చెప్పాడు. సరైన జవాబు రాలేదు. 30వ తేదీన తనకి తెలిసిన కొద్దిమందికి ఈమెయిల్ రాశాడు, మీ దగ్గర పెంటియం ఉంటే ఈ లెక్క చేసి చూడండి అని. ఆ ఉత్తరం చేతులు మారి మారి లోకమంతా తిరిగింది. కాలిఫోర్నియాలో విటెస్ అనే కంపెనీలో చిప్పులు తయారుచేసే టిమ్ కో అనే ఇంజనీరు, చిప్పు లోపల చూడకుండానే, బయటికొచ్చిన తప్పు జవాబులని బట్టి లోపలి భాగహారం ఎలా నడుస్తుందో ఊహించాడు. ఎవరైనా ఇంట్లో చేసి చూసుకునే లెక్క ఒకటి ఇచ్చాడు. 4195835ని 3145727తో భాగించండి. నిజమైన జవాబు 1.33382. పెంటియం చెప్పేది 1.33374. వచ్చినదాన్ని మళ్ళీ 3145727తో గుణించి మొదటి అంకెలోంచి తీసేస్తే సున్నా రావాలి. పెంటియంలో 256 వచ్చేది.

ఈ తేడా పెద్దదేం కాదు కదా అంటారా? లక్ష రూపాయల లెక్కలో ఆరు రూపాయల తేడా. కాటాలో అంత తేడా వస్తే మనం వ్యాపారిని ఏమంటామో అందరికీ తెలుసు.

ఇంకో సంగతి. ఇంటెల్‌కి ఈ తప్పు నైస్లీ చెప్పేదాకా తెలియదా అంటే, తెలుసు. ఆ వేసవిలోనే వాళ్ళ ఇంజనీర్లకి దొరికింది. చాలా అరుదు, ఎవరికీ తగలదు, తర్వాతి అచ్చులో దిద్దేద్దాం అనుకున్నారు. పాత అలవాటే. ఈలోగా దుకాణాల్లో తప్పున్న చిప్పులు అమ్ముతూనే ఉన్నారు.

నవంబర్ 7న ఎలక్ట్రానిక్స్ పత్రిక ఈఈ టైమ్స్‌లో వచ్చింది. నవంబర్ 22న సిఎన్ఎన్ టీవీలో వచ్చింది. అప్పుడు ఇంటెల్ చెప్పిన లెక్క ఇది: తొమ్మిది వందల కోట్ల భాగహారాల్లో ఒకటి తప్పుతుంది, మామూలుగా ఆఫీసు లెక్కలు వేసుకునేవాడికి 27,000 ఏళ్ళకోసారి తగులుతుంది. కాబట్టి అందరికీ మార్చక్కర్లేదు. నిజంగా పెద్ద లెక్కలు చేసేవాళ్ళం అని చెప్పి ఒప్పించగలిగితే మారుస్తాం.

ఫోన్ చేసినవాడిని అవతల కూర్చున్నవాళ్ళు అడిగేవాళ్ళు, మీరేం పని చేస్తారు, ఏ ప్రోగ్రాములు వాడతారు అని. నువ్వు డబ్బు పెట్టి కొన్న వస్తువు బాగుండాలా అక్కర్లేదా అనేది అమ్మినవాడు తేలుస్తాడన్నమాట. జనానికి ఒళ్ళు మండింది అందుకే. తప్పు ఉన్నందుకు అంత కాదు.

డిసెంబర్ 12న ఐబీఎం దెబ్బ కొట్టింది. పెంటియం పెట్టిన మా కంప్యూటర్ల సరఫరా ఆపేస్తున్నాం అని ప్రకటించింది. వాళ్ళ లెక్క వేరు. జనం వాడే అంకెలు చిల్లర పైసలతో ఉంటాయి, అలాంటివి ఆ తప్పు గడుల చుట్టూనే ఎక్కువ పడతాయి, పది కోట్ల భాగహారాల్లో ఒకటి తప్పుతుంది, రోజుకి పదిహేను నిమిషాలు గట్టిగా లెక్కలు వేసేవాడికి 24 రోజులకోసారి తగులుతుంది అన్నారు. 500 మంది పెంటియం వాడే ఆఫీసులో రోజుకి 20 తప్పులు అన్నారు.

27,000 ఏళ్ళెక్కడ, 24 రోజులెక్కడ! చిప్పు ఒకటే, తప్పు ఒకటే. మారిందల్లా రోజుకి ఎన్ని భాగహారాలు, ఎలాంటి అంకెలు అనే ఊహ. అమ్మేవాడు తనకి అనుకూలంగా ఊహించుకున్నాడు. ఐబీఎం కూడా పత్తిత్తు ఏం కాదు. ఆపిల్, మోటరోలాతో కలిసి పవర్‌పీసీ అనే పోటీ చిప్పు తయారుచేస్తోంది అప్పటికి. ఇంటెల్ పరువు పోతే వాళ్ళకి లాభమే. అందుకే సగటు అంకె ఎవరు చెప్పినా, వాడు ఎవరి తరఫున లెక్క వేశాడో ముందు చూసుకోవాలి.

అప్పటి ఇంటెల్ పెద్ద ఆండీ గ్రోవ్. హంగరీలో పుట్టి, యుద్ధాలు, నిర్బంధాలు చూసి, కట్టుబట్టలతో అమెరికా వచ్చిన మనిషి. తెలివికీ మొండితనానికీ పెట్టింది పేరు. ఇంజనీరు బుర్రతో చూస్తే ఆయన వాదనలో తప్పు లేదు, అందరి చిప్పులూ మార్చడం దండగ ఖర్చే. మరి ఎక్కడ దెబ్బతిన్నాడు? 1996లో ఆయనే ఒక పుస్తకం రాసి, అందులో ఈ గొడవ గురించి దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. పాత రోజుల్లో ఇంటెల్ చిప్పులు కొనేది కంప్యూటర్ కంపెనీలు. ఇంజనీరు ఇంజనీరుతో మాట్లాడుకుని సర్దుకునేవాళ్ళు. 1991 నుంచి ఇంటెల్ తన పేరు ఊరూరా ప్రచారం చేసుకుంది, లోపల మా చిప్పు ఉంది చూడండి అని ప్రతి కంప్యూటర్ మీదా బొమ్మ అంటించింది. దాంతో కొన్నవాడు కంప్యూటర్ కంపెనీని వదిలేసి నేరుగా ఇంటెల్ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ మార్పు తమకి అర్థం కాలేదు అంటాడు గ్రోవ్. గోడల మీద రంగులేసి పేరు రాయించుకున్నాక, విత్తనం మొలవకపోతే డీలర్ని అడుక్కోండి అంటే రైతు ఒప్పుకుంటాడా?

1994 డిసెంబర్ 20న ఇంటెల్ దిగొచ్చింది. ఎవరడిగినా, ఏ పని చేసేవాడైనా, ప్రశ్నలేం వేయకుండా చిప్పు మారుస్తాం అని ప్రకటించింది. పత్రికల్లో క్షమాపణ ప్రకటనలు ఇచ్చింది. 1995 జనవరి 17న ఆ ఖర్చు లెక్క చెప్పారు, 47.5 కోట్ల డాలర్లు. అప్పటి రూపాయి రేటు ప్రకారం మన లెక్కలో దాదాపు 1,500 కోట్లు. ఐదు ఖాళీ గడుల ఖరీదు అది.

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి ఏంటంటే, మారుస్తాం అన్నాక ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళు చాలామంది అసలు మార్పించుకోనేలేదు. వాళ్ళకి కొత్త చిప్పు కావాలని కాదు, మార్చమంటే మారుస్తాడు అనే నమ్మకం కావాలి. ఆ మాట మొదటి రోజే అని ఉంటే ఎంత ఖర్చయ్యేదో ఆలోచించండి. తిరిగొచ్చిన చిప్పులని ఇంటెల్ తాళంచెవుల గొలుసులుగా చేసి ఉద్యోగులకి పంచింది, మర్చిపోకుండా.

ఈ మధ్య, 2024 డిసెంబర్లో, కెన్ షిరిఫ్ అనే పాత చిప్పుల పరిశోధకుడు పెంటియం పైకప్పు తీసి, మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి ఆ గడులు లెక్కపెట్టాడు. ఖాళీగా ఉన్నవి ఐదు కాదు, 16. మిగతా 11 గడుల దాకా లెక్క ఎప్పుడూ పోదు కాబట్టి బతికిపోయారు. ఇంటెల్ దిద్దిన పద్ధతి కూడా ఆయన చూశాడు. ఏ గడి నింపాలి, ఏది వదలాలి అని చూసుకోకుండా, వాడని గడులన్నిట్లోనూ 2 నింపేశారు. ఇక ఎటు పోయినా తప్పదు. నారు చాలదేమో అని చూసుకోకుండా ఖాళీ ఉన్నచోటల్లా నాటేసినట్టు.

దీని తర్వాత ఇంటెల్ మారిందా? కొంత మారింది. చిప్పుల్లో దొరికిన తప్పుల జాబితాలు బయటపెట్టడం అలవాటైంది. లెక్కల భాగాలని అంకెలు వేసి చూడటంతో సరిపెట్టకుండా, గణిత నిరూపణలతో సరిచూడటం మొదలుపెట్టారు. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచి, కొన్ని రకాల తప్పులని అమ్మిన తర్వాత కూడా సర్దే వీలు చిప్పులోనే పెట్టారు.

కానీ తొందర మాత్రం పోలేదు. 2000 మార్చిలో ఏఎండీ అనే పోటీ కంపెనీ ఇంటెల్ కన్నా రెండు రోజులు ముందు ఒక గిగాహెర్ట్జ్ వేగం అందుకుంది. పరువు కోసం ఇంటెల్ ఆ జూలై 31న 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 విడుదల చేసింది. కొత్త వస్తువులు పరీక్షించి రాసే టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళ దగ్గర అది నిలకడగా నడవలేదు. లైనక్స్ కెర్నల్ కంపైల్ చేయమంటే మధ్యలో చతికిలబడేది. ఇంకో పరీక్షకుడి దగ్గరా అంతే. నెల తిరక్కుండా, ఆగస్ట్ 28న, ఇంటెల్ ఆ చిప్పులని వెనక్కి తీసుకుంది. గట్టిగా పది కిలోమీటర్లు పరిగెత్తగల ఎద్దుని పోటీ కోసం పన్నెండు పరిగెత్తించారు, అంతే.

2011లో మళ్ళీ పరీక్ష వచ్చింది. జనవరి మొదట్లో శాండీ బ్రిడ్జ్ అనే కొత్త తరం చిప్పులు వచ్చాయి. వాటి పక్కన మదర్‌బోర్డు మీద ఉండే చిప్‌సెట్‌లో లోపం. ఆ చిప్‌సెట్‌కి హార్డ్‌డిస్కులు తగిలించే పోర్టులు ఆరు. వాటిలో వేగం ఎక్కువున్న రెండూ బాగానే ఉన్నాయి. మిగతా నాలుగూ కాలం గడిచేకొద్దీ నీరసించే ప్రమాదం ఉంది. కారణం ఒకే ఒక ట్రాన్సిస్టర్. దానికి తట్టుకోలేనంత వోల్టేజ్ పోతోంది, కరెంటు లీకవుతోంది. ఇంకా చిత్రం ఏంటంటే ఆ ట్రాన్సిస్టర్ అక్కడ అవసరమే లేదు. దాని కనెక్షన్ కోసేస్తే జబ్బు పోయింది. కొన్న రోజున ఎవరు ఏ పరీక్ష పెట్టినా తప్పు కనపడదు, నెలలు, సంవత్సరాలు వాడితేనే కొందరికి తగులుతుంది. 1994 నాటి మనుషులైతే అరుదే కదా అని ఊరుకునేవాళ్ళేమో. ఈసారి జనవరి 31న ఇంటెలే ముందుకొచ్చి చెప్పింది. సరఫరా ఆపేసింది, బాగుచేయడానికి, మార్చడానికి 70 కోట్ల డాలర్లు అవుతుందని లెక్క చెప్పింది. పెంటియం కన్నా ఖర్చు ఎక్కువ, గొడవ మాత్రం అందులో పదో వంతు లేదు. తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

ఇదంతా చదివి, అయితే కొత్తది కొనకూడదు అంటున్నావా అని అడుగుతారు. అలా అనను. 386 చిప్పుతో మొట్టమొదట, 1986 సెప్టెంబర్లో, కంప్యూటర్ తెచ్చింది కాంపాక్ కంపెనీ. ఐబీఎం లాంటి దిగ్గజం ఇంకా ఆలోచిస్తుంటే వీళ్ళు దిగారు, మార్కెట్లో పెద్దపేరు కొట్టేశారు. చిప్పులో తప్పులున్నా వాళ్ళ దగ్గర ఇంజనీర్లున్నారు, తట్టుకునే డబ్బుంది, ఇంటెల్‌ని నిలదీసే పలుకుబడి ఉంది. ముందు దిగడం వాళ్ళకి చెల్లింది. అందరం కాంపాక్ కాదు కదా. ఇంకో సంగతి, మొదట కొనేవాడు లేకపోతే తప్పులు బయటికే రావు. నైస్లీ లాంటివాళ్ళు కొన్నారు కాబట్టే తర్వాత కొన్న కోట్లమందికి మంచి చిప్పు దొరికింది. మొదట కొన్నవాడు తన డబ్బుతో మనందరి కోసం పరీక్ష చేసి పెడుతున్నాడు. అలాంటివాడిని, నీకు తొందరెక్కువ అని ఎగతాళి చేయకూడదు. మా ఊళ్ళో బాబాయిని చేశారు, అందుకే చెప్తున్నా.

నేను నైస్లీ దగ్గర నేర్చుకున్నది ఇంతే. కొత్తది తెచ్చుకో, పాతదాన్ని పక్కనే నడవనీ. రెండూ ఒకే మాట చెప్తున్నాయా అని కొన్నాళ్ళు సరిచూసుకో. మనం కొత్త విత్తనం వస్తే పదెకరాల్లో వేయం, అరెకరంలో వేసి పక్కన పాత రకం పెట్టి చూస్తాం. ఫోను, మెషీను, యాప్ అనేసరికి ఆ బుద్ధి ఏమైపోతుందో తెలీదు, పాతదాన్ని అదే రోజు పీకేసి స్క్రాపు కింద అమ్మేస్తాం. బాబాయి చేసిన పొరపాటు కొత్త స్టార్టర్ కొనడం కాదు. పాత స్టార్టర్ బాక్సు, నీళ్ళు లేకపోతే మోటారుని ఆపే పాత రిలే, రెండూ పీకేయించడం. పీకమని చెప్పింది కూడా బిగించడానికొచ్చినవాళ్ళే.

ఇక ఎవరైనా మీకు లక్షలో ఒకటి, కోటిలో ఒకటి అని చెప్తే రెండు ప్రశ్నలు అడగండి. ఆ లెక్క ఎవరు వేశారు? ఆ ఒకటి నేనే అయితే మీరేం చేస్తారు? మొదటిదానికి జవాబు చెప్పలేకపోయినా ఫర్వాలేదు. రెండోదానికి కాగితం మీద జవాబు ఇవ్వనివాడి దగ్గర మొదటి నెలలో కొనకండి.

బాబాయి సంగతి చెప్పి ముగిస్తా. కంపెనీవాళ్ళు స్టార్టర్ మార్చి ఇచ్చారు, మోటారు మాత్రం మా బాధ్యత కాదన్నారు. రివైండింగ్ డబ్బులు ఆయనే పెట్టుకున్నాడు. ఆ వారం రోజులూ నీళ్ళు లేక రెండు ఎకరాల కూరగాయల తోట వాడిపోయింది, దాని లెక్క ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడు కొత్త స్టార్టర్ వాడుతూనే ఉన్నాడు, పాత రిలే మళ్ళీ బిగించుకున్నాడు. రాత్రి ఫోన్లో ఆఫ్ అని చూపించినా ఒకసారి చేలోకి పోయి చెవి పెట్టి వినొస్తున్నాడు.

మీలో ఎవరైనా ఇలా కొత్త మోడల్ మొదట కొని నష్టపోయినా, లాభపడినా కింద రాయండి. కంపెనీ పేర్లు వద్దు, ఏం జరిగిందో, ఎలా తెలుసుకున్నారో రాయండి. పక్కవాడికి పనికొస్తుంది.